అమ్మకు వినబడే తలుపు చప్పుడు

అమ్మకు ఎనభై దాటాయి. చెవులు దాదాపు పోయాయి. పక్కనే కుక్కర్ కూత వేసినా తిరిగి చూడదు గాని, రోజుకు రెండు మూడుసార్లు మాత్రం "దర్వాజ ఎవలో కొట్టిన్రు, తియ్యి బిడ్డా" అంటుంది. తీస్తే ఎవరూ ఉండరు. నాందేడ్‌లో మాది రెండో అంతస్తు. పనిగట్టుకుని మెట్లెక్కి, తలుపు కొట్టి పారిపోయేంత తీరిక ఎవరికుంది? మొదట్లో లేచి చూసేవాణ్ణి. తర్వాత్తర్వాత "ఎవ్వలు లేరమ్మా" అని కుర్చీలోంచే విసుక్కునేవాణ్ణి.

బళ్ళో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరయ్యాను. దేశాల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా ధీమా. సాయంత్రం మరాఠీ వార్తలు పెట్టుకుని, వాటిని తెలుగు చేసి అమ్మ చెవిలో అరుస్తుంటాను. ఒకరోజు టీవీలో, ఎక్కడో యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనం సరిహద్దు కంచె దగ్గర నిలబడి ఉన్నారు. ముందు వరసలో ఒకామె చంకన పిల్ల.

"ఏమంటున్నరు?" అని అడిగింది అమ్మ.

"ఆ దేశమోళ్ళు లోపటికి రానియ్యరట. మంచిగైంది. ఎవలచ్చినా తీసుకుంట పోతే వాళ్ళ దేశం ఏంగావాలె?"

అమ్మ చేతిలోని రొట్టె ముక్కను కంచంలో పెట్టేసింది. ఇక ముట్టలేదు. బతిమాలాను, కోప్పడ్డాను కూడా. చివరికి చెప్పింది. ఇన్నేళ్ళలో నాకెన్నడూ చెప్పని సంగతి అది.

అప్పుడు అమ్మకు ఏడేళ్ళు. వాళ్ళు దెగ్లూర్‌లో ఉండేవాళ్ళు. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో రజాకార్లు వస్తున్నారని తెలిసి, పక్కింటి దర్జీ భార్య వీళ్ళందరినీ తన ఇంట్లో దాచింది. ముస్లింల ఇంటి నీళ్ళు వీళ్ళు తాగరని కొత్త కుండ తెప్పించి, మా అమ్మమ్మ చేతనే తోడించిందట. అట్లా మూడు రోజులు కాపాడింది. తర్వాత ఇండియా పటాలం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. ముస్లింల ఇళ్ళ మీద దాడులు మొదలై, ఈసారి భయం దర్జీ వాళ్ళ వంతయింది. ఒక మధ్యాహ్నం ఆమె చంటిపిల్లను ఎత్తుకుని వచ్చి మా వాళ్ళ తలుపు కొట్టింది.

"'బహెన్, దర్వాజా ఖోలో' అని మా అమ్మను పిలిచింది. మా నాయిన నా నోరు మూసిండు. మా అమ్మ పొయ్యి ముందటికెల్లి లెవ్వలే. మూడుసార్లు కొట్టింది బిడ్డా. మల్ల కొట్టలే."

ఆమె ఎటు పోయిందో, ఏమైందో మా వాళ్ళకు ఎన్నటికీ తెలియలేదు. మర్నాటికి దర్జీ ఇల్లు ఖాళీగా ఉందట.

"ఏడేండ్ల పిల్లవు, నువ్వేం జేస్తవమ్మా" అన్నాను.

"నాకు గొళ్ళెం అందుతుండె" అంది అమ్మ.

ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు కర్రతో పటం మీద సరిహద్దులు చూపించాను గాని, ఆ గీత దగ్గరికొచ్చి నిలబడే మనుషుల గురించి పిల్లలకు ఒక్క ముక్క చెప్పలేదు. టీవీ ఆపి, రొట్టె పాలలో నానబెట్టి నేనే తినిపించాను. రెండు ముద్దలు తింది.

ఇప్పుడు అమ్మ "ఎవలో కొట్టిన్రు" అంటే, చేతిలో ఏ పనున్నా వదిలేసి లేస్తున్నాను. మెట్ల మీద ఎవరూ ఉండరు. అయినా తలుపు బార్లా తెరిచిపెట్టి వచ్చి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెబుతాను.

"తీసిన, అమ్మా."