కాదనడం తెలియని ఇంటి నుంచి ఒక అప్లికేషన్

మా పెదనాన్నగారితో ఎవరైనా "కాదు" అనగా, డిగ్రీ పూర్తయ్యేదాకా నేను వినలేదు. కోతలకి ఇంకో వారం ఆగాలని ఆయనంటే ఆగేవాళ్లం. టీవీలో వాతావరణం గురించి చెప్పింది అబద్ధమంటే, బయట వాన పడుతున్నా అది అబద్ధమే. ఇంటిల్లిపాదిదీ ఒకటే జవాబు: "ఆయ్." మా అమలాపురం వైపు దానికి అర్థం అవుననే. కానీ అందులో సగం "పెద్దవారు, ఎందుకొచ్చిన గొడవ" అని. ఈ విద్యలో మా అమ్మని మించినవాళ్లు లేరు. బావగారి మాట పూర్తి కాకముందే ఆవిడ ఆయ్ వంటింట్లోంచి వచ్చేసేది.

డిగ్రీలో నావి లెక్కలు. జర్మనీలో అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఎమ్మెస్సీకి అప్లై చేస్తున్నానని పెదనాన్నగారికి చెప్పలేదు. ఆయన వద్దన్నది మా ఇంట్లో జరగదు. ఖతార్‌లో ఉన్న నాన్నని ఫోన్లో అడిగితే "అన్నయ్య ఏమంటే అదేనమ్మా" అంటారు. పైగా పెదనాన్నగారు నాకు బీఈడీ ఖాయం చేసి, రాజోలులో కాలేజీ కూడా చూసి పెట్టారు. టీచరు ఉద్యోగమంటే నాకు చిన్నచూపు లేదు. నాకు ఇంకా లెక్కలు చదవాలని ఉంది, అంతే. స్కాలర్‌షిప్‌తో సీటొస్తే మాట్లాడే ధైర్యమైనా ఉంటుంది. రాకపోతే రాజోలు బస్సే.

అమ్మ మాత్రం నా జట్టులో చేరింది. ఎలా చేరిందంటే, నేను అడిగాను, ఆవిడ ఆయ్ అంది. ఆవిడకి కాదనడం రాకపోవడం ఆ ఒక్కసారికి నాకు బాగా కలిసొచ్చింది.

చేరడమే కాదు, ఐనవిల్లి వెళ్లి వినాయకుడి దగ్గర పెట్టించిన పెన్ను తెచ్చింది. అప్లికేషన్ అంతా కంప్యూటర్లోనే నింపాలని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పెన్ను చెవి వెనక పెట్టుకుని కీబోర్డు కొట్టాను. మా లెక్కల మాస్టారిని సిఫారసు లేఖ అడిగితే, ఈ అమ్మాయి మూడేళ్లలో క్లాసులో ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదని రాసి, ఎంతో ప్రేమగా చదివి వినిపించారు. లెక్కల సంగతి చివర ఒక్క వాక్యం. నేనేమంటాను? ఆయ్ అన్నాను.

ఇక ఈ చదువు నీకెందుకో రాయమన్నారు. లెక్కలంటే చిన్నప్పటి నుంచి ప్రాణం అని మొదలుపెట్టి, చదువుకుంటే నాకే నవ్వొచ్చి చెరిపేశాను. అప్పుడు నిజం రాశాను. మా చేల పక్కన ఒక మురుగు కాలువ ఉంది. వానలకి చేలో నిలిచిన నీళ్లు దాంట్లోంచే సముద్రంలోకి పోవాలి. చివర తలుపులుంటాయి. అవి ఎప్పుడు తియ్యాలి, ఎప్పుడు ముయ్యాలి అన్నదే నా డిగ్రీ ప్రాజెక్టు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తీస్తే నీళ్లు బయటికి పోవడం అటుంచి, ఉప్పునీళ్లు ఎదురెక్కి చేలోకొస్తాయి. కాబట్టి పోటుకి ముయ్యాలి, ఆటుకి తియ్యాలి. ఎంతసేపన్నది సమీకరణాలతో తేల్చాను.

అది నచ్చినట్టుంది, వీడియోలో ఇంటర్వ్యూకి పిలిచారు. మాకు మధ్యాహ్నం, వాళ్లకి పొద్దున. పక్కింటివాళ్ల మిక్సీ ఆపించి, వీధిలో చేపలమ్మే ఆవిణ్ణి బతిమాలి పక్క సందులోకి పంపి, అమ్మ నా గది తలుపు దగ్గర కాపలా కూర్చుంది.

తెర మీద తలంతా నెరిసిన ఒక ప్రొఫెసరమ్మ. చూడగానే లేచి నిలబడబోయాను. ఆవిడ నా ప్రాజెక్టు గురించే మొదలుపెట్టింది. సముద్రమట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకోవచ్చు కదా అంది. ఎస్ మేడమ్ అన్నాను. అలాగైతే తలుపులు ఎప్పుడూ తీసే ఉంచితే చేలు తొందరగా ఆరతాయి కదా అంది. ఎస్ మేడమ్. అయితే తలుపులే అక్కర్లేదు కదా అంది. దానికీ ఎస్ మేడమే. ఇంగ్లీషులో అన్నానన్న మాటే గానీ, అవి మూడూ మా వంటింటి ఆయ్‌లే. ఆవిడ తప్పు చెబుతోందని మొదటి మాటకే తెలుసు. కానీ అంత పెద్దావిడ, మొదటిసారి కలిసింది, మొహం మీద ఎలా అంటాం?

ఆవిడ మొహంలో ఉత్సాహం తగ్గిపోయింది. "నేను చెప్పింది సరైనదైతే మీ ప్రాజెక్టు తప్పు. ఏది తప్పో చెప్పండి" అంది.

"మీరన్నదీ నిజమే మేడమ్, కాకపోతే..." అని మా పద్ధతిలో మొదలుపెట్టాను. రెండూ నిజం కావడం కుదరదంది. ఆవిడ చెయ్యి కాగితాల వైపు పోతుంటే, ముగించేస్తోందని అర్థమైంది. రాజోలు బస్సు కళ్లముందు కదిలింది. కళ్లు మూసుకుని, "యూ ఆర్ రాంగ్ మేడమ్" అనేశాను. ఆ తరవాత పోటూ, ఆటూ, ఉప్పునీళ్లూ, ఊపిరి తీసుకోకుండా అన్నీ చెప్పేశాను.

రాంగ్ నంబర్ల పుణ్యమా అని రాంగ్ అంటే మా అమ్మకి తెలుసు. తలుపు తోసుకొచ్చి లాప్‌టాప్‌కి రెండు చేతులూ జోడించింది. "చిన్నపిల్లండి, నోరు జారిందండి. ఏమనుకోకండేం."

మా అమ్మ ఏమందో ప్రొఫెసరమ్మ అడిగింది. చెప్పాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తన ఊరూ సముద్రం పక్కనేనట. పోటు సంగతి తనకీ తెలుసట. నేను తప్పు అంటానా లేదా అని చూడ్డానికే అన్నీ అడిగిందట. ఇదంతా అమ్మకి తెలుగులో చెప్పాను.

"అయితే కాదంటేనే సీటిస్తారన్నమాట" అంది అమ్మ. ఆ సాయంత్రమంతా ఏదో ఆలోచిస్తూనే ఉంది. కూరలో ఉప్పు మరిచిపోయింది.

కొన్నాళ్లకి మెయిల్ వచ్చింది. సీటూ, స్కాలర్‌షిప్పూ రెండూ ఇచ్చారు. పెదనాన్నగారికి ఎలా చెప్పాలా అని మేం మల్లగుల్లాలు పడుతుండగానే, ఆదివారం పొద్దున్నే పక్కవీధిలో వాళ్లింటి నుంచి ఆయనే వచ్చారు. అరుగు మీద కూర్చుని, "కాలేజీవాళ్లతో మాట్లాడేనమ్మా. రేపు రాజోలు వెళ్లి చేరిపోదాం" అన్నారు.

తెర మీద ఎవరో ప్రొఫెసరుతో అనడం వేరు, అరుగు మీద పెదనాన్నగారితో అనడం వేరు. నా నోట్లోంచి ఆయ్ సగం బయటికొచ్చేసింది కూడా. అప్పుడే అమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"కాదండి బావగారూ. లెక్కలు చదవడానికి అది జర్మనీ వెళ్తోందండి. సీటొచ్చింది."

పెదనాన్నగారు నా వైపు చూడలేదు. ఆవిణ్ణే చూశారు. "నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమ్మా" అన్నారు.

"చెబితే మీరు వద్దంటారండి. మీరు వద్దంటే నేను ఆయ్ అంటానండి. అందుకని చెప్పలేదండి."

ఆయన గ్లాసు అందుకున్నారు. కాఫీ తాగారు. అక్కడ చలి ఎక్కువటగా అని అడిగారు. తమ్ముడికి నేను చెబుతాలే అని కండువా సర్దుకుని వెళ్లిపోయారు. గేటు చప్పుడు వినబడ్డాక నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అమ్మని వెతుక్కుంటూ లోపలికి పరిగెత్తాను.

ఆవిడ వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"కాళ్లు వణికిపోతున్నాయే" అంది. "కాస్త పట్టుకో."