పగలని మట్టి ముద్ద

ఇది జరిగిందే. నాకు అన్నం పెట్టే ఈ కుడిచేతి మీద ఒట్టు. చూడండి, ఉంగరం వేలు సగమే ఉంది కదా... బోరు బండి గొలుసులో పడి తెగింది. ఆ సగం వేలు గుర్తుపెట్టుకోండి.

మా బోరు లారీ మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటుంది. డ్రైవర్ సలీం భాయ్. బండి పొలంలోకి దిగేముందు, చెప్పులు విడిచి ముందు నడిచేవాణ్ని నేను. నాలుగడుగులకోసారి మట్టి తీసి, పిడికిట్లో పిసికి, ఛాతీ ఎత్తు నుంచి వదలాలి. ముద్ద పగిలితే నేల గట్టిది, బండి రావచ్చు. పగలకపోతే తడి ఉన్నట్టు... చెయ్యెత్తి ఆపాల్సిందే. అంత బరువు ఒక పక్కకు కుంగితే లారీ పల్టీ కొడుతుంది. లోపల సలీం భాయ్ ఉంటాడు.

ఆ రాత్రి పాల్మాకుల దగ్గర యాదయ్య అనే రైతు చేనుకు వెళ్లాం. పగలు పెద్ద బండ్లను రోడ్డు మీదికి రానివ్వరు, మాకు రాత్రే పని. అతని పాత బోరు ఎండి టమాటా తోట వాడిపోతోంది. చేను అవతలి చివర టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు. గట్టు వెంట రమ్మని ఫోన్లో చెప్పాడు కానీ, అది చుట్టు తిరుగుడు. పైగా వానలు పోయి చాన్నాళ్లయింది.

"అడ్డం పోదామా అన్నా? జర చూసి చెప్పు," అన్నాడు సలీం భాయ్.

చూశాను. ముద్ద పగిలింది. మళ్లీ చూశాను... పగిలింది. నా పిడికిలి మీద నాకు గర్వమే, ఎందుకు దాచాలి. రమ్మని టార్చ్ ఊపాను.

వెన్నెల. పలుచని పొగమంచు. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి తల మీదుగా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి... చప్పుడు మాత్రం దుప్పటి ముసుగులోంచి విన్నట్టుంది. కాళ్ల కింద దుమ్ము మెత్తగా, హాయిగా ఉంది. నిద్రలో నడుస్తున్నానేమో అనిపించింది.

అప్పుడు కనిపించాడు.

నాకు ముందు... ఎవరో నడుస్తున్నాడు. చెప్పుల్లేవు. నాలుగడుగులు వేశాడు. వంగాడు. మట్టి తీశాడు. పిసికాడు. ఛాతీ ఎత్తు నుంచి వదిలాడు.

థప్.

ఎండిన మట్టి అలా చప్పుడు చేయదు. తడి ముద్ద చప్పుడది.

నేనూ మట్టి తీసి వదిలాను... పగిలింది. అతను వదిలాడు... థప్. ఒకటే నేల. భయం కన్నా ముందు ఒంటికి ఏదో చల్లదనం తగిలింది. పిలిస్తే అతని వెంట వెళ్లిపోయేవాణ్నే. అతను వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు, ఆగమన్నట్టు.

నా చెయ్యి కూడా లేచింది. నేను ఎత్తలేదు... అదే లేచింది.

బ్రేకు పడింది. సలీం భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏందన్నా, ఎండిన నేల మీద గిట్ల ఆపుతవ్?"

"ముందట ఎవరో ఉన్నడు భాయ్."

"ఎవ్వరు లేరు. నువ్వొక్కనివే నడుస్తున్నవ్, నేను చూస్తనే ఉన్న."

లైట్ల వెలుగులో మంచు తప్ప ఏమీ లేదు. ఇంతలో యాదయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. "గట్టు పొంటి రమ్మన్న గదన్నా. గిక్కడ మా పాత బాయి ఉండె, పూడిపిచ్చినం. పైన ఎండినట్టే ఉంటది, లోపలంత బురదనే."

ఆ పూడ్చిన బావి మీద గడ్డపార గుచ్చాం. చెయ్యి వదలగానే... దానంతట అదే దిగిపోయింది. సలీం భాయ్ కిందికి దిగి వచ్చి టైరు మీద చెయ్యి వేశాడు. ఇంట్లో అతనికి చిన్న పిల్లలున్నారు.

అంతటితో అయితే కల అనుకునేవాణ్ని. గడ్డపార దిగిన చోట పక్కనే ఒక ముద్ద పడి ఉంది. తడిది. పగలలేదు. టార్చ్ వేసి చూశాను. వేళ్ల అచ్చులున్నాయి... మూడు నిండుగా, ఒకటి సగం.

ఉంగరం వేలు.

నేనే పిసికి మరిచిపోయానని సలీం భాయ్ అంటాడు. కావచ్చు. కానీ దాన్ని ముట్టుకోకముందే నా చెయ్యి చూసుకున్నాను... పొడి దుమ్ము తప్ప తడి మరకే లేదు.

ఇప్పటికీ ఏ చేనులోనైనా, నా ముద్ద పగిలాక కూడా కాసేపు ఆగుతాను. ఇంకో చప్పుడు వస్తుందేమోనని. సలీం భాయ్ ఇంజన్ ఆపేసి, తనూ వింటాడు.