బదరీనాథ్‌లో తైద రొట్టె

హిమాలయాలంటే అందరికీ మంచు గుర్తొస్తుంది. నాకు ఉడకని కందిపప్పు గుర్తొస్తుంది. నేను హైదరాబాద్ చిల్కానగర్‌లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వంట చేస్తాను. ఎంతమంది భోజనానికి కూర్చున్నా నా చెయ్యి వణకదు. గొప్పలు చెప్పుకుంటోందంటారా, అనుకోండి.

మొన్న వేసవిలో బదరీ యాత్రకు మనుషుల్ని తీసుకెళ్లే నాచారం ఆయన నన్ను వంటకు పిలిచాడు. ఎప్పుడూ వెళ్లే మగ వంటవాడికి కాలు విరిగింది కాబట్టి పిలిచాడు. ఆ మాట మొహం మీదే చెప్పాడు కూడా.

"అక్కా, ఆడోళ్లతోని గుట్టల మీద వంటంటే నాకు బుగులైతుంది. ఒక్క పూట తేడా కొట్టినా ఆడనే ఇంకో మనిషిని పెట్టుకుంట. నువ్వు ఉత్తగ బస్సుల కూసొని వాపస్ వచ్చుడే."

"గట్లనే కానీ తమ్మీ. నా గంజు ఎన్నడన్న మాడిందా, జర చెప్పు," అన్నాను.

ఋషికేశ్ దాటాక కొండలకు మెట్లు కొట్టి చేసిన పొలాలు కనిపించాయి. ఒక్కో మడి మా వంటగదంత కూడా లేదు. ఆడవాళ్లు గడ్డిమోపులు వీపున కట్టుకుని నిటారు దారిలో మాట్లాడుకుంటూ ఎక్కిపోతున్నారు. ఉప్పల్‌లో పొలం ఉన్నన్నాళ్లూ మా అమ్మ కూడా అలాగే మోసింది. వాళ్లు నా వాళ్లే అన్నంత గర్వమనిపించింది. ఇంకా పైకి వెళ్లేకొద్దీ చెట్లు పలచబడి, చివరికి బండలూ మంచూ మిగిలాయి.

బదరీనాథ్‌లో మేం దిగిన సత్రం ఒక పహాడీ ఆమెది, అక్కడి కొండల మనిషిది. గుడి తెరిచి ఉన్నన్నాళ్లూ ఆమె కాపురం పైన, మంచు కమ్ముకున్నాక కింద వాళ్ల ఊళ్లో.

పొద్దున్నే గ్యాస్ పొయ్యి వెలిగించాను. గంజులో నీళ్లు కుతకుతా మరుగుతున్నాయి గానీ పప్పు మాత్రం మెత్తబడదు. అంత ఎత్తున నీళ్లు తొందరగానే మరుగుతాయట, ఆ వేడి పప్పుకు చాలదట. అన్నం కూడా పలుకు మీదే ఉంది. ఇంతలో దర్శనం చేసుకున్నవాళ్లంతా ఆకలితో వచ్చి కూర్చున్నారు.

"ఏమ్మా, ఇక్కడ మీ పప్పులుడకవన్నమాట!" అన్నాడు హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్న గోదావరి జిల్లా పెద్దాయన. అందరూ నవ్వారు. నాచారం తమ్ముడు ఇంకో వంటమనిషి కోసం ఫోన్లు మొదలుపెట్టాడు. నాకు కోపంతో కళ్లనీళ్లు తిరిగాయి.

విసురుగా సత్రం ఆమె వంటింట్లోకి వెళ్లాను. "క్యా పకారై బెహన్?" అని, ఏం వండుతోందో అడిగాను. ఉప్పల్‌లో పుట్టినదానికి ఆ నాలుగు హిందీ ముక్కలు రాకుండా ఎలా ఉంటాయి? ఆమె పిండి డబ్బా మూత తీసి "మండువా" అంది. నల్లటి పిండి. నోట్లో వేసుకుంటే తైదలు! మీరు రాగులంటారే, అవి. పక్కన కుక్కర్‌లో రాత్రి నానబెట్టిన ఉలవలు మెత్తగా ఉడికి ఉన్నాయి.

"హమారే ఇధర్ భీ యహీచ్ ఖాతే," మా దగ్గరా ఇదే తింటాం అన్నాను. నా హైదరాబాదీ 'యహీచ్'కు ఆమె పకపకా నవ్వి, సంగతి విని, పక్క సత్రంలోని తోటికోడలి నుంచి ఇంకో కుక్కర్ ఉలవలూ, పిండీ తెప్పించింది. ఇద్దరం పోటీపడి రొట్టెలు తట్టాం. నా చింతపండుతో ఉలవచారు మరిగించాను.

పెద్దాయన రొట్టెను చూసి మొహం చిట్లించాడు. చారు ఒక్క గుక్క తాగగానే "అరె, ఇది మా ఉలవచారండీ!" అన్నాడు.

"మీది కాదండీ, ఆమెది," అని సత్రం ఆమెను చూపించాను. ఆయన ఇంకో రొట్టె అడిగాడు.

అందరూ తిని లేచాక నాచారం తమ్ముడు దగ్గరికొచ్చాడు. "ఎవ్వరొద్దని చెప్పేసిన అక్కా. ఇంక నువ్వు తిను."

మా పనిలో వంటమనిషి అందరి తర్వాత, పొయ్యి పక్కన నిలబడి, గంజు అడుగున మిగిలింది తింటుంది. ఇన్నేళ్లూ నేనూ అలాగే తిన్నాను. ఆ రోజు మాత్రం పహాడీ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, యాత్రికులు కూర్చున్న చాప మీదే కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాను.

"వడ్డియ్యి తమ్మీ," అన్నాను.

ఆయన రొట్టెల గిన్నె తెచ్చుకుని, వంగి, ముందు ఆమెకు వడ్డించి, తర్వాత నాకు వడ్డించాడు.