కబ్ద్ కోటలో కిటికీ

కబ్ద్ ఎడారిలో ఆ కోట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కోటంటే నిజం కోట కాదు. ఒక అరబ్బు పెద్దమనిషి తన తోటలో కట్టించుకున్న ఇల్లు. మా ఆఫీసు తరఫున దానికి నక్షాలు గీసింది నేనే.

ఆయన ఏదో చలిదేశానికి సెలవులకు వెళ్లి, అక్కడొక పాత కోట మీద మనసు పారేసుకున్నాడు. యుద్ధాల కాలంలో కట్టింది. బారెడు మందం గోడలు, బాణాలు వేయడానికి సన్నటి చీలికలు, చుట్టూ కందకం. యుద్ధాలు ఆగాక వారసులు అందులో కాపురం పెట్టారు. కందకం పూడ్చి పూలతోట వేశారు. చీలికలు వెడల్పు చేసి కిటికీలు పెట్టారు. మనుషులు బతకాలంటే వెలుతురు కావాలి గదా!

ఈయన దాన్ని సిమెంటు ఇటుకలతో ఎడారిలో దించాడు. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, యాభై డిగ్రీల ఎండలో చలిమంట గూడు కూడా పెట్టించాడు. నవ్వి ఊరుకునేదాన్నే. కానీ కింద పనమ్మాయి గదికి మాత్రం బాణం చీలికే ఉంచాడు. అందులో అరచెయ్యి కూడా పట్టదు.

"ఏసీ ఉంటే సాల్నా అక్కా? పొద్దు పొడిసింది గూడా తెలీదు. గోరీలో పండుకున్నట్టుంది," అంది రాయచోటి నుంచి వచ్చిన ఆ పిల్ల. "ఒక్క కిటికీ పెట్టియ్యమని సెప్పక్కా. నీ మాటైతే ఇంటాడు."

చెప్పాను. ఆయన తెచ్చిన ఫోటోలే ఆయన ముందు పరిచి, అసలు కోటలో ఇక్కడ కిటికీ ఉంది చూడండి అన్నాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"నిజమే, తప్పు జరిగింది. పెట్టిద్దాం," అన్నాడు.

ఆ పిల్ల సంబరం చూడాలి! పాత చీర చింపి పరదా కూడా కుట్టుకుంది.

నెల తర్వాత వెళ్లాను. బయట ముచ్చటైన కిటికీ కనిపించింది. రాతి చట్రం, చెక్క రెక్కలు, మెరిసే అద్దం. ఆనందంగా గదిలోకి వెళ్తే కటిక చీకటి. అద్దం వెనక గోడ అలాగే ఉంది. ఉన్న చీలికను కూడా పూడ్చేశారు. బయటికొచ్చి ఆయన్ని అడిగాను.

"ఫోటోలో లోపలి వైపు కనిపించదు కదా," అన్నాడాయన, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

"లోపల మనిషి ఉంటుందండీ."

"మనిషికి ఏసీ ఉంది."

ఛీ! మొహాన ఉమ్మేయాలన్నంత అసహ్యం వేసింది.

ఇంతలో, పనివాళ్లు మామా అని పిలిచే ఇంటావిడ, త్వరగా రమ్మంటూ "యల్లా!" అని కేకేసింది. ఆ పిల్ల గుడ్డా బకెట్టూ పట్టుకుని ఎండలోకి వచ్చింది.

"దుమ్ము పడితే బాగుండదంట. మామా దినామూ తుడ్సమంటాదక్కా," అని, బయట నిలబడి తన కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టింది.