రొంపిచెర్ల అమ్మాయి రీడింగు

నేను నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నీళ్ళలో కరిగిన సున్నం లాంటి లవణాలు ఎన్నో, అంటే కాఠిన్యం ఎంతో, కొలిచే ప్రయోగంలో నా క్లాసుకు తిరుగులేదని చాలా ఏళ్ళు మురిసిపోయాను. బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోని ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలితే ఫ్లాస్కులోని ఎర్రటి నీళ్ళు నీలంగా మారతాయి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాయాలి. ఆ నీళ్ళను మా అటెండరు, ఏ లవణమూ లేని డిస్టిల్డ్ వాటర్లో నేను చెప్పిన తూకంతోనే లవణం కలిపి పెడతాడు కాబట్టి జవాబు ఏటా పన్నెండే; ఎంత రావాలో పిల్లలకు ముందే చెప్పేవాణ్ణి.

పోయినేడు ప్రాక్టికల్ పరీక్షలో అందరూ పన్నెండు రాశారు. రొంపిచెర్ల నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి మాత్రం పదిహేడు రాసింది.

"ఇదేందమ్మా, నీ ఒక్కదానికే ఇట్టా వచ్చింది? మళ్ళీ చెయ్," అన్నాను.

మళ్ళీ పదిహేడే. మూడోసారీ అంతే. ఈ మార్కులు పోతే ఆమెకు ఫస్ట్ క్లాసు పోతుంది. ఆ సంగతి తెలిసీ, నోటి దురుసు కొద్దీ, పక్కవాళ్ళను చూసి నేర్చుకోమన్నాను.

"మార్చి రాయమంటే రాస్తా సార్. కానీ వచ్చింది మాత్రం పదిహేడే," అంది, తల దించకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఆమె తప్పు చూపించి బుద్ధి చెబుదామని చొక్కా చేతులు మడిచి నేనే బ్యూరెట్ ముందు నిలబడ్డాను. పన్నెండు దాటింది, ఎరుపు కదల్లేదు. పదిహేను దాటింది. పదిహేడు దగ్గర నీలం వచ్చింది. ఆమె మర్యాదగా కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

అటెండరును పిలిచి ఏం నీళ్ళు కలిపావని అడిగాను.

"బోరు నీళ్ళు సార్. డిస్టిల్డ్ వాటర్ మిషను కాలిపోయి చానా రోజులైంది. చెబితే చూద్దాంలే అన్నారుగా."

అన్నాను. బోరు నీళ్ళలో ముందే ఉన్న లవణాలే ఆ అయిదు మిల్లీలీటర్లు పెంచాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేసి, మిగతా వాళ్ళ పేపర్లన్నీ కొట్టేసి, వేరే తూకంతో కొత్త నీళ్ళు కలిపించి అందరినీ మళ్ళీ మొదలుపెట్టమన్నాను.

పిల్లలు బుద్ధిగా బ్యూరెట్లు కడుక్కున్నారు. ముందు వరుసలో ఎప్పుడూ ఫస్టొచ్చే కుర్రాడు చెయ్యెత్తాడు.

"సార్, ఈసారి ఎంత రావాల?"

అందరూ పెన్నులు పట్టుకుని నా వైపు చూశారు. అలా అడగడం వాళ్ళకు నేర్పింది నేనే.