ఎర్ర కారు దిగిన రోజు

తెలంగాణ కోసం రోజూ ఏదో ఒక రోడ్డు ఆగుతున్న రోజులవి. అరవై దాటాక నాకు పాత జీపు మొహం మొత్తింది. కోరుట్లలో దుబాయి నుంచి వచ్చినాయన తన ఎర్ర స్పోర్ట్స్ కారు అమ్ముతానంటే, నడిపి చూద్దామని ఒక్కణ్ణే జగిత్యాల దారి పట్టాను. నేలకు జానెడు ఎత్తులో దర్జాగా పోతుంటే, రోడ్డుకు అడ్డంగా వంటావార్పు! ఉద్యమకారులు నడిరోడ్డు మీదే వండుకుని బంతికి కూర్చుంటున్నారు.

"దిగు కాకా, నువ్వు గూడ తిను," అన్నాడు జెండా పట్టుకున్న యువకుడు.

నేను కదల్లేదు.

"ఏంది, గీ కారు జూసుకొని గర్వమా? తెలంగాణ వద్దా నీకు?"

నాకు ఒళ్లు మండింది. "తెలంగాణ కావాలెరా! మోకాళ్లే లేస్తలేవు!"

నలుగురు నా చంకల కింద చేతులు వేసి "జై తెలంగాణ" అంటూ బయటికి లాగారు. పప్పన్నం తిన్నాక అదే నినాదంతో లోపలికి దించారు. అక్కణ్ణుంచే వెనక్కి తిప్పాను.

కోరుట్లలో కారాయన ఎదురొచ్చి, "ఎట్లున్నది కాకా, తీసుకుంటవా?" అన్నాడు.

సీట్లోంచే చెప్పాను: "కూసునుడు మంచిగనే ఉన్నది. గని లేసుడుకు రోజూ రాస్తారోకో దొరుకుతదా?"