మాటల్లేని సీను

మా వదిన మాట మొదలుపెట్టిందంటే ఎదుటివాళ్లకి సందివ్వదు. అందుకే సినిమా రాయడం నేర్చుకుంటానని ఇద్దరు సీనియర్ రచయితల దగ్గర అసిస్టెంటుగా చేరితే ఇంట్లో ఎవరం ఆశ్చర్యపోలేదు. అక్కడ కాగితం చూసి చదవనివ్వరట. నిలబడి సీను చెప్పాలి. వినేవాళ్లలో ఒక్కరు ఫోన్ చూసినా ఆ సీను చచ్చినట్టే. వదినవి వరసపెట్టి చచ్చాయి.

"నీ సీన్లలో మనుషులు తెగ వాగుతారమ్మాయ్," అన్నాడట పెద్ద రచయిత. "హీరో ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. ఒక్క డైలాగు లేకుండా ఆ సీను సోమవారం చెప్పు. కుదరలేదా, ఇంక రావద్దు."

ఇంకేముంది! ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. గిన్నెలు సగం తోమి వదిలేసేది. మెట్లెక్కేది, దిగేది. నన్ను పట్టుకొచ్చి కూర్చోబెట్టి, "ఇప్పుడు హీరో నిట్టూరుస్తాడు..." అనేది. నాకేమో ఆవలింతలు. "నువ్వు కూడానా!" అని మీద పడేది. నా ప్రాణం తోడేసిందనుకోండి.

ఆదివారం కొత్త సీను చెప్పింది. ఒకాయన రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరతాడు. పార్కులో బెంచీ మీద కూర్చుంటాడు. సాయంత్రం ఇంటి మలుపులో ఆగి, చేత్తో చొక్కా నలుపుకుని మరీ లోపలికొస్తాడు.

నా ఆవలింత ఎగిరిపోయింది. ఆయన మా అన్నయ్యే. ఇప్పుడు వేరే ఉద్యోగం ఉంది సరే, అప్పట్లో అలాగే చాన్నాళ్లు మమ్మల్ని నమ్మించాడు. తెలిశాక ఆ ఊసు ఎవరం ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మొగుడి పరువు బజారుకీడుస్తావా?" అని అరిచాను.

"నాకూ భయంగానే ఉందే," అంది వదిన. "ముందు ఆయనకే చెప్తా. వద్దంటే మానేస్తా. అక్కడ నన్ను పొమ్మంటే పోతా."

అన్నయ్య మంచం మీద బట్టలు మడతపెడుతున్నాడు. వదిన ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. "మధ్యాహ్నం బెంచీ మీదే క్యారేజీ విప్పి తింటాడు," అనగానే అన్నయ్య చేతులు ఆగిపోయాయి. నేను గొడవకి సిద్ధపడ్డాను.

"తినడు," అన్నాడు మెల్లగా. "ముద్ద దిగేది కాదు. ఇంటికి రాగానే ఉప్పు సరిపోయిందా అని నువ్వడుగుతావుగా. అందుకని కొంచెం రుచి చూసి, మిగతాదంతా అక్కడి కుక్కకి పెట్టేవాణ్ణి. రేపు అలాగే చెప్పు."